ఆ ముక్కు స్పెయిన్‌ది కాదు

మా అమ్మాయి పుట్టిన మూడో రోజున మా ఆయన అమ్మమ్మ వచ్చారు. ఆల్బే నుంచి మనీలాకు రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషి. చేతులు కడుక్కుని, పసిదాన్ని ఒళ్ళో వేసుకుని, చూపుడువేలితో దాని ముక్కును పైనుంచి కిందికి మెల్లగా నిమిరి, గదిలో అందరికీ వినబడేలా "ఇలోంగ్ కస్తీలా" అన్నారు. స్పెయిన్ వాళ్ళ ముక్కు అని అర్థం. అందరూ సంతోషంగా తలలూపారు. మంచం మీద పడుకుని ఉన్న నేను, "కాదండీ, అది అమలాపురంలో మా నానమ్మ ముక్కు" అన్నాను. పచ్చి బాలింతరాలి మాట ఎవరు వింటారు?

ఫిలిప్పీన్స్‌లో అమ్మమ్మనైనా నానమ్మనైనా లోలా అనే పిలుస్తారు. మా లోలాది ఆల్బేలోని ఓవాస్ అనే ఊరు. మయోన్ అగ్నిపర్వతం ఉన్న జిల్లా అది. ఇంటి ముందుగదిలో బాలయేసు విగ్రహం పక్కన ఒక పాత ఫొటో ఉంటుంది. తెల్లకోటు, మెలితిప్పిన మీసం, చేతిలో పొన్నుకర్ర. లోలాకు తండ్రి తండ్రి ఆయన. ఇంట్లో ఎవరూ ఆయన్ని పేరుతో చెప్పుకోరు, "డోన్" అంటారు. స్పెయిన్ నుంచి ఓడలో వచ్చాడట. స్పెయిన్‌లో ఏ ఊరు అని అడిగితే మాత్రం ఒక పెద్దాయన సెవిల్ అంటారు, ఒక పిన్ని బార్సిలోనా అంటుంది. మా మరిది మాడ్రిడ్ అంటాడు. అతని గదిలో గోడకు వేలాడే ఫుట్‌బాల్ చొక్కా చూస్తే ఎందుకో తెలిసిపోతుంది.

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అనే సామెత మనకుంది. కాశీ నుంచి నడిచివచ్చిన మూలపురుషుడు లేని వంశం మన వైపు మాత్రం ఎక్కడుంది? కాబట్టి నవ్వి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. కొంత వృత్తిదోషం. నేను ఆడిటర్ని, వోచరు లేని పద్దు కనబడితే పక్కన టిక్కు పెట్టలేను. మిగతాది ఆ ముక్కు మీద కోపం.

అందరూ చూపించే మొదటి వోచరు ఇంటిపేరు. ఇంటిపేరు స్పానిష్‌ది కనుక మనిషీ స్పానిష్ వాడే అంటారు. ఈ వాదన ప్రాణం 1849 నవంబరు 21న పోయింది. ఆ రోజున, స్పెయిన్ తరఫున ఫిలిప్పీన్స్‌ను పాలిస్తున్న గవర్నర్ జనరల్ నార్సీసో క్లవేరియా ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. అంతకు ముందు ఆ దీవుల్లో చాలామందికి వంశపారంపర్యమైన ఇంటిపేరు అంటూ ఉండేది కాదు. బాప్తిస్మంలో పెట్టిన పేరుకు భక్తిని బట్టి డె లా క్రూస్ అనో, డె లోస్ సాంతోస్ అనో తగిలించుకునేవారు. తండ్రిది ఒకటి, కొడుకుది ఇంకొకటి. ఊరికి ఇరవైమంది హువాన్ డె లా క్రూస్‌లు ఉంటే పన్ను ఎవరి దగ్గర వసూలు చేయాలి? అందుకని క్లవేరియా దాదాపు 61,000 పేర్లతో ఒక పట్టిక అచ్చు వేయించాడు. అందులో స్పెయిన్ ఇంటిపేర్లు ఉన్నాయి. చెట్ల పేర్లు, ఖనిజాల పేర్లు, ఊళ్ళ పేర్లు, చేతిపనుల మాటలు, స్థానిక భాషల మాటలు కూడా ఉన్నాయి. ఆ పుటలను రాష్ట్రాలకు పంచారు, అక్కడి నుంచి ఊళ్ళకు. కుటుంబ పెద్దలు వాటిలోంచి ఒక్కొక్క పేరు తీసుకున్నారు. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నామని చూపగలిగినవారికి మాత్రం మినహాయింపు.

ఓవాస్‌కు వచ్చినవి ఆర్ అక్షరం పుటలు. ఆ ఊరి పాత కుటుంబాల ఇంటిపేర్లు ఈనాటికీ ఆర్‌తోనే మొదలవుతాయి. ఫిలిప్పీన్స్ వంశచరిత్రలు రాసేవారందరూ చెప్పే ఉదాహరణ ఇది. మన దగ్గర ఇంటిపేరు చెబితే ఒక ఊరో, వృత్తో, ఎవరో తాత సంపాదించిన బిరుదో తెలుస్తుంది. అక్కడ ఇంటిపేరు చెబితే తెలిసేది, 1849లో ఆ ఊరికి వచ్చిన కాగితాల కట్ట. లోలా పుట్టింటి పేరూ ఆర్‌తోనే మొదలవుతుంది. పొరుగింటిది, ఎదురింటిది, బజారులో చేపలమ్మేవాళ్ళది కూడా అంతే. ఆర్ అక్షరమే స్పెయిన్ రక్తానికి గుర్తయితే, ఊరంతా ఒకే ఓడలో దిగి ఉండాలి.

ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇదే క్లవేరియా ఇంకో పని చేశాడు. వంశవృక్షాలు గీసేవాళ్ళు దాన్ని గుర్తుంచుకోవడం మంచిది. ఫిలిప్పీన్స్‌కు స్పెయిన్ వాళ్ళు మెక్సికో మీదుగా, అంటే తూర్పు దిక్కుగా కాక పడమర దిక్కుగా సముద్రం దాటి వచ్చారు కనుక అక్కడి క్యాలెండరు ఆసియాలోని మిగతా దేశాల కంటే ఒక రోజు వెనకబడి ఉండేది. దాన్ని సరిచేయడానికి 1844 డిసెంబరు 30 తరవాత నేరుగా 1845 జనవరి 1 వచ్చేలా ఉత్తర్వు ఇచ్చాడు. మనీలాలో మా ముత్తాత 1844 డిసెంబరు 31న పుట్టాడని ఎవరైనా చెబితే ఆ కాగితాన్ని మర్యాదగా మడిచి వెనక్కి ఇచ్చేయవచ్చు.

ఇంటిపేరు అబద్ధమాడుతుందని చెప్పడానికి ఆ దేశపు జాతీయవీరుడే చాలు. హోసే రిసాల్ తండ్రి వైపు మూలపురుషుడు చైనాలోని ఫుజియాన్ నుంచి వచ్చిన వ్యాపారి, లామ్‌కో. ఆ కుటుంబం తరవాత పెట్టుకున్న పేరు మెర్కాదో, అంటే స్పానిష్‌లో బజారు. పేరు మాడ్రిడ్‌ది, మనిషి చైనా మనిషి. మనం గోడ కట్టేవాణ్ణి మేస్త్రీ అంటాం, బట్టలకు ఇస్త్రీ చేయిస్తాం. రెండూ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటలే. మా ఊరి మేస్త్రీ తనకు లిస్బన్‌లో చుట్టాలున్నారని ఎన్నడూ అనలేదు.

రెండో వోచరు "డోన్". దీనికి నేను కూడా కొన్నాళ్ళు మోసపోయాను. స్పెయిన్‌లో పెద్దమనిషిని అలాగే పిలుస్తారు కదా అనుకున్నాను. చర్చి పుస్తకాలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది, వలస పాలనలో ఆ గౌరవం స్థానిక పెద్దలకు కూడా ఉండేదని. పన్ను కోసం ఊరిని నలభై యాభై కుటుంబాల చొప్పున బరంగాయ్‌లుగా విడదీసేవారు. ఒక్కొక్కదానికి ఒక పెద్ద, కబేసా. మన మునసబు లాంటివాడు. పన్ను వసూలు చేసి కట్టాల్సిన బాధ్యత అతనిది. ఆ కబేసాలను, వారి కుటుంబాలను రిజిస్టర్లలో "డోన్", "డోన్యా" అని రాసేవారు. ఇంకా చెప్పాలంటే, ఊళ్ళో పన్ను వసూలు చేసే పెద్దగా ఉన్న డోన్ స్పెయిన్ వాడు కాదనడానికే ఎక్కువ ఆధారం. స్పెయిన్ వాళ్ళకు ఆ కప్పమే లేదు.

ఈ పుస్తకాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పని అంతా అక్కడే. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలా కోసం జరిగిన యుద్ధంలో సుమారు లక్షమంది పౌరులు చనిపోయారు. ఇంట్రామూరోస్ కోటలో శాన్ అగుస్తీన్ తప్ప మిగతా చర్చీలన్నీ నేలమట్టమయ్యాయి. వాటితో పాటు కాగితాలూ పోయాయి. పల్లెటూరి చర్చీల అదృష్టం కొన్నిచోట్ల బాగుంది. చెదలు, వాన, తుఫాను మిగిల్చినవాటిని మోర్మన్ చర్చి వాళ్ళు తిరిగి తిరిగి మైక్రోఫిల్ములుగా తీసి పెట్టారు. నేను చదివింది ఎక్కువగా అవే. స్పానిష్ నాకు రాదు. కానీ బాప్తిస్మం పద్దు మన పెళ్ళి శుభలేఖ లాంటిది, వాక్యం ఎప్పుడూ ఒకటే, పేర్లే మారతాయి. పదిహేను పద్దులు చదివితే పదహారోది కళ్ళకు దానంతటదే పడుతుంది. బిడ్డ పేరు, ధర్మసంతానమా కాదా, తల్లిదండ్రులు, ఏ కబేసా కింద ఉన్నారు, జ్ఞానపిత ఎవరు. చాలాచోట్ల జాతి కూడా రాస్తారు. స్థానికులైతే ఇండియో, చైనా తండ్రికి పుట్టినవారైతే మెస్తీసో డె సాంగ్లే, స్పెయిన్ వారైతే ఎస్పన్యోల్. "ఫిలిపీనో" అన్న మాటకు కూడా మొదట్లో అర్థం దీవుల్లో పుట్టిన స్పెయిన్ వాడనే. ప్రజలు ఆ మాటను తమదిగా చేసుకున్నది తరవాత. పుట పుటకూ ఇండియో, ఇండియో అని చదువుతుంటే నాకు నవ్వు వచ్చేది. ఆ ఇంట్లో ఇండియా మనిషిని నేనొక్కదాన్నే.

జాతి గురించి అంత పట్టింపు ఉన్న రాతలో ఒక స్పెయిన్ వాడు కనబడకుండా పోవడం కష్టం. పేరు పక్కన ఎస్పన్యోల్ అన్న ముద్ర పడి తీరుతుంది. ఫొటోలోని డోన్ 1862లో అదే ఊళ్ళో బాప్తిస్మం పొందాడు. ధర్మసంతానం. తల్లిదండ్రులిద్దరూ ఆ ఊరి స్థానికులు, ఇంటిపేరు ఆర్‌తో. తండ్రి బాప్తిస్మం 1836లో. అక్కడ ఇంటిపేరు డె లా క్రూస్. అవే తల్లిదండ్రుల పేర్లు, అదే బరంగాయ్. నడుమ జరిగింది 1849. ఆ పుటను తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. కప్పం కట్టే ఒక రైతు పాదిరి ముందు నిలబడి, ఎన్నడూ వినని పేరు ఒకటి తీసుకుని ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పి ఉంటాడు. ఆవిడ ఏమని ఉంటుంది? పలకడానికి నోరు తిరిగి ఉంటుందా?

డోన్ 1890లలో కబేసా. తెల్లకోటు అందుకే.

మా ఆయనకు చెబితే, "అయితే మరీ మంచిది, మావాడే" అన్నాడు. మరిది మాత్రం ఒప్పుకోలేదు. స్పెయిన్ పాస్‌పోర్టు మీద అతనికి ఆశ. దానికి డోన్‌తో పని లేదని చెప్పాను. స్పెయిన్ చట్టం ప్రకారం ఫిలిప్పీన్స్ పౌరులు ఎవరైనా మిగతావారిలా పదేళ్ళు కాక రెండేళ్ళు అక్కడ చట్టబద్ధంగా నివసించి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. తాత ముక్కు ఎవరూ కొలవరు. ఈ కబురు అతన్ని సంతోషపెట్టకపోగా నిరుత్సాహపరిచింది. అప్పుడు అర్థమైంది, అతనికి కావలసింది పాస్‌పోర్టు కాదు.

ఇక ముక్కు. మనీలాకు తూర్పున కైంతా అనే ఊరుంది. ఏడేళ్ళ యుద్ధంలో భాగంగా 1762లో బ్రిటిష్ సైన్యం మద్రాసు నుంచి ఓడల్లో బయలుదేరి, ఆ అక్టోబరులో మనీలాను పట్టుకుని 1764 దాకా తన చేతుల్లో ఉంచుకుంది. ఆ సైన్యంలో మద్రాసు సిపాయిలు ఉన్నారు. వారిలో కొందరు తిరిగి ఓడెక్కకుండా కైంతాలో ఉండిపోయి, అక్కడి ఆడపిల్లలను పెళ్ళి చేసుకున్నారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ సంతతి గురించి చెప్పుకుంటారు. అంటే కోటేరు ముక్కు ఆ దీవులకు మన తీరం నుంచి కూడా వచ్చింది. కానీ ఆ ముక్కును ఎవరూ వంశగౌరవంగా చెప్పుకోగా నేను వినలేదు. భారతీయులను అక్కడ "బుంబాయ్" అంటారు. మోటారుసైకిల్ మీద తిరుగుతూ ఐదుకు ఆరు వసూలు చేసే వడ్డీవ్యాపారి అన్న అర్థం అందులో ఉంటుంది. అన్నం తినకపోతే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లలను బెదిరిస్తారు. మా అమ్మాయికి అన్నం పెడుతూ ఒక పెద్దమ్మ ఆ మాట అనేసి, నా వైపు చూసి, నీళ్ళు తాగింది.

నా గొడవ అదే. ఒకే ముక్కు. గర్వపడాలంటే కస్తీలా, భయపెట్టాలంటే బుంబాయ్. పుకారుకు ఎముకలతో పని లేదు, నిచ్చెనతో పని. మూడు వందల ముప్ఫై ఏళ్ళు పైమెట్టు మీద ఎవరు కూర్చున్నారో వాళ్ళతో చుట్టరికం కలుపుకోవడం దాని ఉద్యోగం. పెళ్ళిసంబంధాల ప్రకటనల్లో పసిమిఛాయ అని రాసుకునే మనం దీనికి పెద్దగా నవ్వనక్కరలేదు. కానీ "సరదా కథే కదా, పోనీ" అనేవారితో నేను ఏకీభవించను. ఒక కథ గోడ ఎక్కిందంటే దాని చోటులో ఉండవలసిన ఇంకో కథ దిగిపోయిందని అర్థం. దిగిపోయింది ఎవరో నాకు తరవాత తెలిసింది.

ఉమ్మి పరీక్ష కూడా చేయించాం, మా ఆయనకు. పెట్టె వచ్చింది, గొట్టంలో ఉమ్మి అమెరికా వెళ్ళింది, ఆరు వారాలకు రంగుల పటం తిరిగి వచ్చింది. చాలా భాగం ఫిలిప్పీన్స్, కొంత దక్షిణ చైనా. ఐబీరియా, అంటే స్పెయిన్ వైపు, అన్న గడి లేనే లేదు. మరిది ఊరుకోకుండా ఒక పరిశోధన తవ్వి తెచ్చాడు. అది 2021లో వచ్చింది. 115 దేశీయ సమూహాల నుంచి వెయ్యిమందికి పైగా పరీక్షించారు. ఐరోపా వారసత్వం కనబడింది కొందరు పట్టణవాసుల్లో, స్పానిష్ కలిసిన చవకానో భాష మాట్లాడేవారిలో, కొందరు బికోల్ వారిలో మాత్రమే. ఆల్బే ఉన్నది బికోల్‌లోనే! అతని ముఖం వెలిగిపోయింది. న్యాయంగా ఒప్పుకోవాలి, అసంభవమేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో అబాకా నార ఎగుమతులతో ఆల్బే కళకళలాడింది, కొనడానికి స్పెయిన్ వాళ్ళూ చైనా వాళ్ళూ ఇంగ్లీషు వాళ్ళూ వచ్చారు. అంతకు ముందు నుంచీ ప్రతి ఊళ్ళో ఒక స్పెయిన్ మనిషి ఉండనే ఉన్నాడు: పాదిరి. బ్రహ్మచారి అనే పేరు. పాదిరి బిడ్డలంటూ ఆ దేశంలో వినబడని ఊరు అరుదు.

అలాంటివాడు ఉంటే రిజిస్టర్లో ఎక్కడ ఉంటాడు? డోన్ ఉన్నచోట ఉండడు. పేరే లేనిచోట ఉంటాడు.

ఇది తట్టాక వెతుకులాట తిప్పాను. తండ్రుల వరస వదిలి తల్లుల వరస పట్టుకున్నాను. లోలా, లోలా తల్లి, ఆవిడ తల్లి. అక్కడ, 1886లో, ఒక ఆడబిడ్డ బాప్తిస్మం. ఈఖా నతురాల్, పెళ్ళికాని తల్లి బిడ్డ. తల్లి పేరు, ఆవిడ బరంగాయ్, అవివాహిత అన్న మాట. తండ్రి ఉండవలసిన చోట మూడు మాటలు: పాద్రే నో కొనొసీదో. తండ్రి తెలియదు. జ్ఞానమాత కూడా ఒక పెళ్ళికాని ఆడది. పద్దు కింద సంతకం, ఎప్పటిలాగే, పాదిరిది.

చేతులు చల్లబడ్డాయి. లెక్క నా వృత్తి కనుక వెంటనే వేసేశాను. ఆ తెలియని తండ్రి మా ఆయనకు ఐదు తరాల పైన, సగటున మూడు శాతం. పటంలో ఐబీరియా లేదు, చైనా ఉంది. అయితే నార కొనడానికి వచ్చిన చైనా వ్యాపారా? ఊరివాడేనా? చైనా భాగం వేరే దారిలో కూడా వచ్చి ఉండవచ్చు. అదే లోలాకైతే మూడే తరాలు, ఎనిమిదో వంతు. లోలా ఒక్కసారి గొట్టంలో ఉమ్మితే తేలిపోతుంది. ఆ మాట అంతకు ముందే ఒకసారి అడిగాను, వేరే కారణం చెప్పి. "ఈ వయసులో నా ఉమ్మి అమెరికాకు ఎందుకు?" అని పంపించేశారు.

మా అమ్మకు ఫోనులో చెప్పాను. "నది మూలం, ఋషి మూలం అడగకూడదంటారు, నీకెందుకే ఇవన్నీ" అంది. ఋషులను అడగకూడదేమో, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ మూలం దాచుకున్నది ఋషి, పరువు పోగొట్టుకున్నది ఇంకొకరు. పెళ్ళికాకుండానే బిడ్డను ఎత్తుకుని, ఊరంతా చూస్తుండగా చర్చి మెట్లెక్కి, తన పేరు స్పష్టంగా చెప్పి రాయించుకున్న ఆడమనిషి. ఈ వంశంలో నాకు దొరికిన అన్ని పద్దుల్లోనూ ధైర్యంగా కనబడిన పద్దు అదొక్కటే. ఆవిడకు ఫొటో లేదు. ఆవిడ గురించి ఎవరూ ఏ పుకారూ పుట్టించలేదు.

పోయిన క్రిస్మస్‌కు ఓవాస్ వెళ్ళాం. లోలా వంటింట్లో కూర్చుని లాయింగ్ కోసం ఎండబెట్టిన చామాకులు తుంపుతున్నారు. ఎలా మొదలుపెట్టాలో మూడు రోజులుగా అనుకుంటూ వచ్చాను. పక్కన కూర్చుని, "లోలా, మీ అమ్మమ్మగారి బాప్తిస్మం కాగితం దొరికింది" అన్నాను.

ఆవిడ తల ఎత్తలేదు. "తండ్రి పేరు లేదు కదా" అన్నారు.

"మీకు తెలుసా?"

"నాకు పన్నెండేళ్ళు వచ్చేదాకా ఆవిడ పక్కలోనే పడుకున్నాను. తెలియకుండా ఎలా ఉంటుంది? వాళ్ళమ్మ అబాకా నార ఒలిచేది. అరచేతులు గరుకుగా ఉండేవట, తల నిమిరితే వెంట్రుకలు చిక్కుకునేవట."

"మరి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేమండీ?"

"నువ్వు స్పెయిన్ మనిషి గురించే అడుగుతూ వచ్చావు. ఆవిడ గురించి ఎప్పుడు అడిగావు?"

జవాబు లేదు నా దగ్గర. లోలా కొబ్బరి కోరాన్ని నా వైపు జరిపి, రెండు చిప్పలు నా ఒళ్ళో పెట్టి, ఆకులు తుంపుతూనే ఆవిడ పేరుతో మొదలుపెట్టారు.